సింగపూర్‌లో నడక, ఈత, ఆట: అనంతపురం నుంచి పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నాలుగు రౌండ్లు వేసేలోపు కనీసం ఒకరైనా నన్ను ఆపుతారు. "సార్, మా పాప సింగపూర్‌కి రమ్మంటాంది. ఆడ మన వాకింగు సంగతేంది?" అని. ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో డ్రిల్లు సారుగా విజిల్ ఊదినవాణ్ణి. కూతురి దగ్గర రెండుసార్లు నెల చొప్పున ఉండి వచ్చినవాణ్ణి. అందుకని ఈ ప్రశ్నలన్నీ నా దగ్గరికే వస్తాయి. నడుస్తూ చెప్తే సగం గాలికి పోతోందని కూర్చుని రాశాను. చూడాల్సిన వింతలు, షాపింగు ఇందులో లేవు. అవి పిల్లలు ఎట్లాగూ తిప్పి చూపిస్తారు. వాళ్ళు ఆఫీసుకు పోయిన తర్వాత మీ కాళ్ళూ చేతులూ ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం.

"నడిచేకి జాగా ఉంటాదా సార్, లేకుంటే నెలంతా ఇంట్లోనే కూచోవల్లా?"

జాగాకు కొదవ లేదు. గడప దాటడమే కష్టం. మొదటిసారి పోయినప్పుడు మూడు రోజులు పన్నెండో అంతస్తు కిటికీలోంచి కిందికి చూస్తూ గడిపాను. పాప, అల్లుడు పొద్దున పోతే రాత్రికి వచ్చేవాళ్ళు. భాష రాదు, దారి తెలీదు, ఏ గడ్డి తొక్కితే ఏం జరిమానా వేస్తారోనని భయం. నాలుగో రోజు మా ఇంటామె "నువ్వు రాకుంటే నేనే పోతా" అని చెప్పులేసుకుంది. పరువు కోసం నేనూ దిగాను.

దిగితే తెలిసింది, వ్యాయామశాల మా కాళ్ళ కిందే ఉందని. అక్కడ పదిమందిలో ఏడెనిమిది మంది సర్కారు హౌసింగ్ బోర్డు కట్టిన బ్లాకుల్లోనే ఉంటారు. హెచ్‌డీబీ ఫ్లాట్లు అంటారు. బ్లాకు కింద నేల అంతస్తును చాలాచోట్ల ఇళ్ళు కట్టకుండా ఖాళీగా వదిలేస్తారు, దాని పేరు వాయిడ్ డెక్. బల్లలు, గాలి, నీడ ఉంటాయి. మన ఊరి రచ్చకట్టే అనుకోండి. దాన్ని దాటి పది అడుగులు వేస్తే కసరత్తు మూల. వేలాడేందుకు కడ్డీలు, కూర్చుని తొక్కే పెడళ్ళు, భుజాలు తిప్పే చక్రాలు, నడుము ఆడించే పలకలు. టికెట్టు లేదు, అడిగేవాళ్ళు లేరు. కడ్డీకి వేలాడుతున్న డెబ్బై దాటిన చైనా పెద్దమ్మను చూశాక నా పొట్ట నేనే లోపలికి లాక్కున్నాను.

కొన్ని చోట్ల గులకరాళ్ళు పొదిగిన బాట కూడా కనిపిస్తుంది. వట్టి కాళ్ళతో దాని మీద నడిస్తే నరాలకు మంచిదని అక్కడివాళ్ళ నమ్మకం. శనక్కాయ చేలల్లో చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్ళు కదా అన్న గర్వంతో ఎక్కి, పన్నెండు అడుగులకు అబ్బా అని దిగేశాను. షుగరు ఉండి అరికాళ్ళకు స్పర్శ తగ్గినవాళ్ళు మాత్రం దాని జోలికి పోవద్దు. రాయి గీరుకున్నా తెలీదు, పుండు పడితే మానదు.

"పొద్దున ఎన్నింటికి బయల్దేరాల?"

మన గడియారం కన్నా అక్కడిది రెండున్నర గంటలు ముందుంటుంది. మన ఐదు గంటలంటే వాళ్ళకు ఏడున్నర. ఇది మనకు కలిసొచ్చే లెక్క. అక్కడ సూర్యుడు ఏడు గంటల ప్రాంతంలో పొడుస్తాడు, సాయంత్రం ఏడింటికి మునుగుతాడు. ఏడాది పొడవునా ఇంతే. భూమధ్యరేఖకు ఒక డిగ్రీ పైనే ఉన్న ఊరు కాబట్టి చలికాలం పగలు, ఎండాకాలం పగలు అనే తేడా లేదు. మీ ఒంటికి అలవాటైన ఐదింటికి మెలకువ వచ్చి దిగితే, చక్కగా తెల్లవారి ఉంటుంది. మొదటి వారం నిద్ర మార్చుకోవాలని తంటాలు పడకండి.

ఇంత ఆలస్యంగా తెల్లవారడానికి ఒక కారణం గడియారమే. ఆ ఊరున్న రేఖాంశానికి గ్రీనిచ్ కన్నా ఏడు గంటలు ముందుంటే సరిపోతుంది. మలేసియాతో కలిసి 1982 జనవరి 1న ఉన్న టైముకు ఇంకో అరగంట కలిపి ఎనిమిది గంటలు చేసుకున్నారు. ఆరింటికి చీకట్లో నడిచినా భయం లేదు, దీపాలుంటాయి, ఆడవాళ్ళు ఒంటరిగా పోతుంటారు. తొమ్మిది దాటితే మాత్రం ఇంటిదారి పట్టండి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా రెండో పూట.

"మన ఊర్లో నలభై రెండు డిగ్రీలు తట్టుకున్నోళ్ళం. ఆడ ముప్పై రెండేనంట కదా, అదొక ఎండనా?"

ఈ మాట నేనూ అన్నాను. నడక మొదలుపెట్టిన రెండో రోజే తిన్నాను దెబ్బ.

మన ఎండ పొడి ఎండ. చెమట పట్టిన మరుక్షణం ఆరిపోతుంది, ఆరేటప్పుడు ఒంట్లో వేడి తీసుకుపోతుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడే కిటుకే ఇది. మే నెల అనంతపురంలో కుండ నీళ్ళు చల్లగా ఉంటాయి. అదే కుండను సింగపూర్‌లో పెడితే అంత చల్లబడవు, గాలి నిండా నీటి ఆవిరే కాబట్టి. తేమ సగటున ఎనభై శాతం పైనే. మన ఒళ్ళు కూడా ఆ కుండ లాంటిదే. చెమట కారుతుంది కానీ ఆరదు, వేడి లోపలే ఉండిపోతుంది. రాత్రయినా ఇరవై నాలుగు, ఇరవై ఐదు డిగ్రీలకు కిందికి దిగడం అరుదు.

ఆ రోజు పదింటికి మన గ్రౌండు వేగంతోనే బయల్దేరాను. అరగంటలో చొక్కా పిండితే చెంబెడు నీళ్ళొచ్చేట్టు తడిసింది, తల తిరిగింది, బస్టాపు బెంచీ మీద కూలబడ్డాను. పక్కనున్న పెద్దాయన మాట్లాడకుండా తన సంచిలోంచి ఒక డబ్బా తీసి చేతిలో పెట్టాడు. 100ప్లస్ అని లవణాలు కలిపిన సోడా లాంటి పానీయం, అక్కడ ప్రతి అంగట్లో ఉంటుంది. చక్కెర ఉంటుంది కాబట్టి షుగరున్నవాళ్ళు డబ్బా మీద చదువుకుని తాగాలి. ఉప్పేసిన పల్చటి మజ్జిగ సీసాలో పోసుకుపోతే ఇంకా మేలు. తర్వాత నేను చేసింది అదే.

మొదటి వారం మీ మామూలు వేగంలో సగం చాలు. పక్కనున్న మనిషితో ఆగకుండా మాట్లాడగలిగితే సరైన వేగం. మాట తెగుతుంటే ఎక్కువైనట్టు. కాటన్ బనియన్లు తడిసి ఒంటికి అంటుకుని బరువెక్కుతాయి, త్వరగా ఆరే పల్చటి టీషర్టులు రెండు తీసుకుపోండి. చిన్న తువ్వాలు తప్పనిసరి. నీళ్ళు కొనే పని లేదు, కొళాయి నీళ్ళే తాగొచ్చు, సీసా వెంట ఉంటే చాలు. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవాళ్ళు బయల్దేరే ముందే ఇక్కడి డాక్టరుతో ఒక మాట మాట్లాడి పోవాలి.

"వాన మాటేంది?"

మనకు ఏడాదికి ఐదువందల యాభై మిల్లీమీటర్లు పడితే మంచి సంవత్సరం అంటాం. అక్కడ రెండు వేలు దాటుతుంది. మనం వాన కోసం మొక్కుకునేవాళ్ళం, చినుకు పడితే బయటికొచ్చి తడిసేవాళ్ళం. అక్కడ ఆ ముచ్చట తీర్చుకోవద్దు. సగటున ఏడాదిలో 160 రోజులకు పైగా ఉరుములు వినిపించే ఊరది. ఉరిమిందంటే మైదానం, చెట్టు, నీళ్ళు మూడూ వదిలి కప్పు కిందికి చేరాలి. అక్కడి పిల్లలు కూడా ఆట మధ్యలో ఆపేసి వచ్చేస్తారు.

నవంబరు నుంచి జనవరి దాకా వాన ఎక్కువ. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య తెల్లవారుజామున సుమత్రా వైపు నుంచి ఈదురుగాలులతో వచ్చి, గంటా రెండు గంటలు దంచి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయే వానలుంటాయి. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరుల్లో కొన్ని ఏళ్ళు ఇండోనేసియాలో అడవులు, పీట్ నేలలు కాలి పొగ కమ్ముతుంది. పీఎస్ఐ అనే అంకె వందకు మించితే గాలి బాగాలేదని. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ రోజు నడక మానుకోవడమే.

వానరోజు నడవాలంటే కల్లాంగ్‌లోని నేషనల్ స్టేడియానికి పోండి. 2014లో తెరిచిన 55 వేల సీట్ల స్టేడియం అది. దాని గుమ్మటం వెడల్పు 310 మీటర్లు. చుట్టూ కప్పు కిందే దాదాపు తొమ్మిది వందల మీటర్ల బాట ఉంది, అందరికీ ఉచితం. బయట కుండపోత, లోపల మనం పొడిగా రౌండ్లు. నాకు ఆ ఊరి మొత్తం మీద ఎక్కువ అసూయ కలిగించింది ఈ బాటే. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు వానకు బురదైనప్పుడల్లా గుర్తొస్తుంది.

"ఒకటి రెండు చోట్లు చెప్పమంటే ఏవి చెప్తారు?"

మొదట బొటానిక్ గార్డెన్స్. 1859లో మొదలుపెట్టిన తోట, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. తెల్లవారుజామున ఐదు నుంచి అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది, ఆర్కిడ్ తోటకు తప్ప టికెట్టు లేదు. వాళ్ళ ఐదు డాలర్ల నోటు మీద కనిపించే టెంబుసు చెట్టు ఇక్కడిదే. బాటలు మెత్తగా ఎక్కి దిగుతాయి కాబట్టి మోకాళ్ళవాళ్ళకు కూడా పర్వాలేదు. పొద్దున్నే గుంపులు గుంపులుగా తైచీ, అంటే చైనావాళ్ళ నిదానమైన కసరత్తు, చేసేవాళ్ళు కనిపిస్తారు.

రెండోది రైల్ కారిడార్. గుంతకల్లు వాళ్ళకు, రైల్వేలో చేసి రిటైరైనవాళ్ళకు ఇది ప్రత్యేకంగా చెప్తాను. మలేసియా రైలు ఒకప్పుడు సింగపూర్ నడిబొడ్డున తంజోంగ్ పగార్ దాకా వచ్చేది. 2011 జూన్ 30 రాత్రి ఆఖరి బండిని జొహోర్ సుల్తాన్ స్వయంగా నడుపుకుంటూ పోయాడు. తర్వాత పట్టాలు తీసేసి, ఆ 24 కిలోమీటర్ల దారిని నడకదారిగా ఉంచారు. పట్టా ఎంత వెడల్పో తెలుసా, మనం చిన్నప్పుడు బెంగుళూరు పోయేందుకు ఎక్కిన మీటర్ గేజే. బుకిట్ తిమా దగ్గర పాత చిన్న స్టేషనును బాగుచేసి అట్లాగే పెట్టారు, ఇనుప వంతెనలు కూడా. రైలు ఏటవాలు ఎక్కదు కదా, అందుకే దారి మొత్తం చదునుగా ఉంటుంది. ఆయాసం రాదు. మొత్తం నడవాలని పట్టుబట్టకండి, స్టేషను దగ్గర మొదలుపెట్టి నాలుగైదు కిలోమీటర్లు చాలు. మా రెండో ప్రయాణంలో నాతో వచ్చిన స్నేహితుడొకడు, గుంతకల్లు డివిజన్‌లో పాయింట్స్‌మన్‌గా చేసినవాడు, ఆ ప్లాట్‌ఫారం అంచున పావుగంట నిలబడ్డాడు. ఏమీ మాట్లాడలేదు.

ఈస్ట్ కోస్ట్ పార్కు సముద్రం పూడ్చి చేసిన నేల మీద పదిహేను కిలోమీటర్ల పొడుగు ఉంటుంది. సముద్రం లేని జిల్లావాళ్ళం కాబట్టి అక్కడి గాలి మనకు పండగే. మెరీనా బే చుట్టూ మూడున్నర కిలోమీటర్లు, పగలు పోతే కాంక్రీటు కుంపటి, రాత్రి ఎనిమిదికి పోతే బాగుంటుంది. మా పాపవాళ్ళుండే పొంగోల్‌లో 4.2 కిలోమీటర్ల కాలువ ఉంది, రెండు గట్ల మీదా బాటలే. ఇట్లా పార్కునూ పార్కునూ కలిపే బాటలు ఊరంతా కలిపి 300 కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. మీ పిల్లల ఇల్లు ఎక్కడున్నా దగ్గర్లో ఒకటి తగులుతుంది, నా జాబితా కన్నా అదే ముఖ్యం.

"కొండలెక్కే అలవాటు ఉంది. ఆడ కొండలున్నాయా?"

ఆ దేశంలో అన్నిటికన్నా ఎత్తైన బుకిట్ తిమా 163 మీటర్లు. గుత్తి కోట ఎక్కినవాళ్ళు నవ్వుకోవచ్చు. నవ్వి వేగంగా ఎక్కితే ఉక్కపోత బదులు తీర్చుకుంటుంది.

నాకు నచ్చింది సదరన్ రిడ్జెస్. పది కిలోమీటర్ల మేర గుట్టల వరసను వంతెనలతో కలిపారు. అందులో హెండర్సన్ వేవ్స్ అనే, కట్టె పలకలు పరిచిన వంతెన రోడ్డుకు 36 మీటర్ల ఎత్తున అలలా వంపులు తిరుగుతుంది. మాక్‌రిచీ రిజర్వాయరు అడవిలో చెట్ల తలల మీదుగా 250 మీటర్ల వేలాడే వంతెన ఉంది. ఒకవైపు నుంచే నడవనిస్తారు, సోమవారం మూత. అక్కడికి చేరి తిరిగి రావడానికి అడవిలో మూడు గంటల పైనే పడుతుంది కాబట్టి మోకాళ్ళు అరిగినవాళ్ళకు నేను చెప్పను.

"కోతులూ పాములూ ఉంటాయంట కదా?"

కోతులు మాక్‌రిచీ, బుకిట్ తిమా వైపు ఉంటాయి. ప్లాస్టిక్ కవరు చప్పుడైతే తిండే అనుకుని లాక్కుంటాయి. అన్నీ బ్యాగులో పెట్టి జిప్పు వేయండి. మన గుళ్ళ దగ్గర మాదిరి అరటిపండు ఇవ్వకూడదు, జరిమానా ఉంది.

కాలువ గట్ల మీద బారెడు పొడవున ఉడుములు పాకుతుంటాయి. మా ఇంటామె మొదటిరోజు మొసలి అని కేక పెట్టింది. మన జోలికి రావు, దారివ్వడమే. నీటికుక్కలు కుటుంబంతో సహా ఈదుకుంటూ పోతుంటే జనం ఫోన్లు పట్టుకుని నిలబడతారు. అడవికోళ్ళు బ్లాకుల మధ్యే మేస్తుంటాయి. వాటిని చూసి మా స్నేహితుడికి వచ్చిన ఆలోచన ఇక్కడ రాయను. వీటన్నిటికన్నా దోమకే భయపడాలి, డెంగీ ఉన్న ఊరు, పొద్దున నడకకు ముందు కాళ్ళకు దోమల మందు పూసుకోండి.

"ఈతకు పోవచ్చా? ఆడవాళ్ళ సంగతి?"

తప్పకుండా. ఆ ఉక్కపోతలో నీళ్ళను మించిన వ్యాయామశాల లేదు, మోకాళ్ళ నొప్పులవాళ్ళకు మరీ. యాక్టివ్ ఎస్‌జీ అనే పేరుతో సర్కారు నడిపే ఈతకొలనులు దాదాపు ప్రతి పేటలో ఉన్నాయి, బయటి దేశంవాళ్ళు కూడా కొద్ది డాలర్లు కట్టి పోవచ్చు. శుభ్రం చేసేందుకు వారంలో ఒకపూటో రోజో మూస్తారు, ఏ కొలను ఏ రోజన్నది మీ పిల్లల ఫోనులో చూసుకుని పోండి. ప్రైవేటు అపార్టుమెంట్లలో, అంటే కాండోల్లో ఉన్నవాళ్ళకు కొలను ఇంటి కిందే ఉంటుంది.

మనవాళ్ళు తప్పు చేసేది బట్టల దగ్గర. బావిలో బెండ్లు కట్టుకుని దూకి నేర్చుకున్న తరం మనది, కట్డ్రాయరే ఈత డ్రెస్సు. అక్కడ కాటన్ నిక్కరు, లుంగీ, బనియను, చీర, నైటీ ఏవీ కుదరవు. ఈతకోసం నేసిన గుడ్డే వేసుకోవాలి. కాటన్ నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, నీళ్ళనూ పాడు చేస్తుంది. ఆడవాళ్ళు ఒళ్ళు చూపించుకోవాలని కాదు సుమా. చేతులు, కాళ్ళు, తల కూడా కప్పే పూర్తి ఈత దుస్తులు దొరుకుతాయి, మలయ్ ముస్లిం ఆడవాళ్ళు వేసుకునేవి అవే. మా ఇంటామె అరవై ఏళ్ళ వయసులో అట్లాంటిదే కొనుక్కుని, నడుములోతు నీళ్ళలో గోడ పట్టుకుని నడిచింది. ఈత రాదు. నీళ్ళలో నడిచినా కీళ్ళ మీద బరువు పడకుండా కండరాలకు పని దొరుకుతుంది. రెండు వారాలకు "మెట్లు దిగితే నొప్పి తెలీడం లేదు" అంది. ఇరవై ఏళ్ళుగా నేను చెప్పిన కసరత్తులకు ఆ మాట రాలేదు, అది వేరే సంగతి.

దిగే ముందు షవరు కింద ఒళ్ళు కడుక్కోవాలి. మెరుపుల హెచ్చరిక రాగానే విజిల్ ఊది అందర్నీ బయటికి రప్పిస్తారు. నీలాకాశం కనిపిస్తోంది కదా అని వాదించకండి.

"షటిల్, టేబుల్ టెన్నిస్, క్రికెట్?"

షటిల్ అక్కడ పిచ్చి. ఆటకన్నా కోర్టు దొరకడం కష్టం. గంటల లెక్కన యాప్‌లో ముందే పట్టుకోవాలి కాబట్టి ఆ పని మీ అల్లుడికో కొడుక్కో అప్పజెప్పండి. నేలకు మచ్చ పడని అడుగున్న షూ లేకుంటే రానివ్వరు, నల్లటి అడుగున్న వాకింగు షూతో పోయి వెనక్కి వచ్చినవాణ్ణి నేను. టేబుల్ టెన్నిస్ కమ్యూనిటీ క్లబ్బుల్లో దొరుకుతుంది. ఎదుటి ముసలాయన చేయి వణుకుతోంది కదా అని తక్కువ అంచనా వేయొద్దు, నేను పదకొండు రెండుతో ఓడిపోయాను.

క్రికెట్ ఆడటం కన్నా చూడటం బాగుంటుంది. 1852లో పుట్టిన సింగపూర్ క్రికెట్ క్లబ్బు ఊరి నడుమ పడాంగ్ మైదానం అంచున ఉంది. వెనక ఆకాశహర్మ్యాలు, ముందు పచ్చిక. మన ఆర్‌డీటీ స్టేడియంలో మ్యాచ్ చూసినవాళ్ళకు మైదానం గొప్పగా అనిపించదు, చుట్టూ ఉన్న ఊరే వింత.

"సైకిల్ తొక్కచ్చా?"

తొక్కచ్చు. ఈస్ట్ కోస్ట్ పార్కులో బాడుగకు ఇస్తారు. ఎనీవీల్ లాంటి యాప్ సైకిళ్ళు వీధుల్లో దొరుకుతాయి, అయితే దిగాక గీసిన గడిలోనే నిలిపి అక్కడి కోడ్ స్కాన్ చేయాలి, ఎక్కడపడితే అక్కడ వదిలితే డబ్బులు కోస్తారు. కాలిబాట మీద గంటకు పది కిలోమీటర్లు, సైకిలు బాట మీద ఇరవై ఐదు దాటకూడదు. రోడ్డు మీదికి దిగితే హెల్మెట్ తప్పనిసరి, మీరు రోడ్డు మీదికి దిగకపోవడమే మంచిది. నిజంగా సైకిలు సుఖం కావాలంటే చాంగీ నుంచి పడవలో పులావ్ ఉబిన్ దీవికి పోండి. పన్నెండు మంది నిండేదాకా పడవ కదలదు, మన ఊరి షేర్ ఆటో మాదిరే. దీవిలో పాతకాలపు పల్లె, మట్టిదారులు, తక్కువ బండ్లు.

"పరుగు పందేలుంటాయా? జిమ్ము?"

శనివారం పొద్దున ఏడున్నరకు పార్క్‌రన్ జరుగుతుంది, ఈస్ట్ కోస్ట్, వెస్ట్ కోస్ట్, బిషాన్ పార్కుల్లో. ఐదు కిలోమీటర్లు, పైసా లేదు, నడిచినా ఎవరూ ఏమనరు. ఇక్కడినుంచే ఒకసారి పేరు నమోదు చేసుకుని బార్‌కోడ్ కాగితం అచ్చువేసుకుపోతే మీ టైము లెక్కకడతారు. నా టైము అడగొద్దు. ఆఖరున వచ్చేవాళ్ళ వెనక నడవడానికి కూడా ఒక మనిషిని పెడతారు, నేను ఆయనతో మంచి స్నేహం చేశాను.

నెల కోసం జిమ్ములో చేరడం దండగ.

"యోగా మాటేమి?"

ఇంట్లోనే చేసుకోండి, లేకుంటే వాయిడ్ డెక్‌లో చాప వేసుకోండి. జూన్ 21 ప్రాంతంలో ఉంటే మన హైకమిషన్ యోగా దినోత్సవం జరుపుతుంది. నా సలహా వేరు. యోగా మనకు ఎట్లాగూ వచ్చు, అక్కడున్నన్నాళ్ళూ తైచీ గుంపు వెనక వరసలో నిలబడి చేతులు ఆడించండి. ఎవరూ పొమ్మనరు. ఒంటికాలి మీద మెల్లగా బరువు మార్చే ఆ పద్ధతి ముసలితనంలో పడిపోకుండా నిలబడేందుకు పనికొస్తుంది. భాష అక్కర్లేదు, ఎదుటివాళ్ళ భుజం చూస్తే చాలు.

"నడక అయినాక టీ తాగల్ల కదా?"

ఇది షుగరున్నవాళ్ళు బట్టీపట్టాల్సిన పాఠం. హాకర్ సెంటర్లో, అంటే తిండి అంగళ్ళన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, ఉత్త "తే" అంటే గట్టిపాలు, అంటే డబ్బాల్లో వచ్చే తియ్యటి చిక్కపాలు పోసి ఇస్తారు. గంట నడిచి కరిగించింది ఆ ఒక్క కప్పులో తిరిగొస్తుంది. "తే సి కొసోంగ్" అంటే పాలుండి చక్కెర లేని టీ. "కొపి ఓ కొసోంగ్" అంటే పాలూ చక్కెరా రెండూ లేని కాఫీ. కొసోంగ్ అంటే మలయ్‌లో సున్నా. "సియు తై" అంటే తీపి తక్కువ. నేను అరచేతిలో రాసుకుపోయాను. ఉగ్గాని బజ్జి మాత్రం ఎంత వెతికినా నాకు దొరకలేదు.

"జరిమానాల ఊరంట. నడిచేవాళ్ళు ఏం జాగ్రత్త పడల్ల?"

ఉమ్మడం. మనలో చాలామందికి నడుస్తూ పక్కకు ఉమ్మే అలవాటుంది, కాదనకండి. అక్కడ అది నేరం. సిగ్నలుకు, జీబ్రా గీతలకు 50 మీటర్ల లోపల అడ్డంగా రోడ్డు దాటినా నేరమే. పార్కుల్లో సిగరెట్ 2022 నుంచి బంద్. చెత్త, పావురాలకు గింజలు, రైల్లో నీళ్ళు తాగడం, వీటికీ వడ్డింపు ఉంటుంది. ఇంతకు మించి భయపడాల్సింది లేదు. ఎస్కలేటరు మీద ఎడమవైపు నిలబడితే తొందర్లో ఉన్నవాళ్ళు కుడివైపు నుంచి పోతారు.

"గుండెకు స్టెంటు వేశారు. పోవచ్చా?"

ఆ మాట మీ డాక్టరు చెప్పాలి, డ్రిల్లు సారు కాదు. నేను చెప్పగలిగింది ఇంతే. బయటి దేశంవాళ్ళకు అక్కడి ఆసుపత్రి ఖర్చు మోయలేనిది, ప్రయాణ బీమా లేకుండా విమానం ఎక్కకండి, ఉన్న జబ్బు దాచిపెట్టి బీమా తీసుకోకండి. మందుచీటీ, మాత్రలు చేతి సంచిలో ఉండాలి. అంబులెన్సుకు 995, పోలీసుకు 999. ఆగిన గుండెను కొట్టించే ఏఈడీ యంత్రం చాలా బ్లాకుల లిఫ్టు దగ్గర గోడకు ఉంటుంది, దిగిన మొదటిరోజే మీ బ్లాకులో ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

"ఒక్కళ్ళమే పోతే దారి తప్పితే?"

తప్పుతారు. బ్లాకులన్నీ ఒకే అచ్చున పోసినట్టు ఉంటాయి. నంబరు గోడ మీద మనిషంత అంకెల్లో రాసి ఉంటుంది, దాన్ని ఫోనులో ఫొటో తీసుకుని పోండి. పోస్టల్ కోడ్ ఆరంకెలు రాసి జేబులో పెట్టుకోండి, ఒక్కో బ్లాకుకు ఒక్కో కోడ్ కాబట్టి ట్యాక్సీవాడికి అది చూపిస్తే చాలు.

నేను ఈ రెండూ చేయకుండా ఒక సాయంత్రం పోయాను. కాలువ గట్టు వెంట పోయి పోయి, తిరిగొచ్చేసరికి చీకటి పడింది, ఫోనులో చార్జింగు లేదు. ఒకేలా ఉన్న ఆరు బ్లాకుల మధ్య రెండు రౌండ్లు వేశాను. మూడో రౌండులో తల పైకెత్తితే, పన్నెండో అంతస్తు కిటికీ బయట బట్టలారేసే గడకు మా ఇంటామె ధర్మవరం చీర వేలాడుతోంది. ఎర్ర అంచు. పట్టుచీర ఎండలో ఆరేస్తారా అని పైకి పోయి అరుద్దామనుకున్నాను గానీ, ఆ రోజు ఏమీ అనలేదు.